రాలేదన్న ఫోటో

నేను ఒక మనిషి ఫోటో చెరిపేశాను. ఆయన భార్య వచ్చి అడిగితే, రాలేదని చెప్పాను. రెండూ తప్పులే. మొదటిది తప్పని అప్పుడు నాకు తెలియదు. రెండోది చెబుతున్నప్పుడే తెలుసు.

ఇది జరిగింది ఆదోనిలో, దస్తగిరి ఉస్తాద్ స్టూడియోలో. పత్తి మార్కెట్టుకు పోయే దారిలో, ఒక నూనె కొట్టుకూ ఒక టైలరు షాపుకూ నడుమ ఇరుకుగా ఉండేది. ముందు గదిలో బల్ల, నడిమి గదిలో తెర, స్టూలు, రెండు పెద్ద లైట్లు, వెనక చీకటి గది. దూది ధూళి లోపలికి రాకుండా తలుపుకు ఎప్పుడూ తడిగుడ్డ వేలాడేది.

నేను బీయస్సీ కెమిస్ట్రీ చదివి, ఉద్యోగం దొరక్క ఆయన దగ్గర చేరాను. ఆయన నన్ను చేర్చుకున్నది నా డిగ్రీ చూసి కాదు. హజ్‌కు పోయే ఆడవాళ్లకు పాస్‌పోర్టు ఫోటోలు కావాలి. మగవాడి ముందు ముసుగు తీయడానికి వాళ్లు ఇబ్బంది పడేవారు. "ఆడమనిషి ఉంటే వాళ్లకు మేలు" అన్నారు. మొదటిరోజు ఫోటోలు కడిగే డెవలపర్ పొడిని నీళ్లలో కలపమంటే, కొలత గ్లాసు ఎక్కడుందని అడిగాను. అప్పుడు మాత్రం ఒకసారి తలెత్తి నన్ను చూశారు. అప్పటిదాకా ఆయన టీ చెంచాతో కొలిచేవారు.

తొమ్మిదేళ్లు పనిచేశాను. పాఠాలంటూ ఏమీ లేవు. ఎర్రబల్బు కింద ఆయన పక్కన నిలబడాలి, అంతే. ట్రేలో తెల్లకాగితం మీద మొహం మెల్లగా తేలుతుంటే, దాన్ని ఎప్పుడు బయటికి తీయాలో ఆయన చెప్పేవారు కాదు. ఆలస్యం చేస్తే నల్లబడిపోయిన ప్రింటు నా చేతికిచ్చి, ఇంకో కాగితం పెట్టేవారు.

ఒక్క మాట మాత్రం ప్రతిసారీ అడిగేవారు. నెగెటివ్ ఆరిన తర్వాత కత్తిరించి కవరులో పెట్టే ముందు, "పేరు?" అనేవారు. కవరు మీద పేరు రాయాలి. పెళ్లికూతురిదీ పెళ్లికొడుకుదీ సరే. పక్కన నిలబడినవాళ్లవీ, జాతరలో దారిన పోయేవాడిదీ కూడా రాయాలి. తెలియదంటే తిట్టరు. కవరు బల్ల మీద పక్కకు పెడతారు. నేను కనుక్కొని వచ్చేదాకా అది అక్కడే ఉంటుంది. ఒక ముసలామె పేరు కోసం ఒకసారి ఆస్పరి దాకా బస్సులో పోయి వచ్చాను. పిచ్చిపని అనుకున్నాను.

ఆయన నేర్పిన వాటిలో ఒక మోసం కూడా ఉంది. దాన్ని ఉత్త ఫ్లాష్ అనేవాళ్లం. రీలులో ముప్పయ్యారు ఫోటోలే వస్తాయి. పెళ్లిలో ప్రతివాడూ భుజం తట్టి "నన్నొకటి తీయి" అంటాడు. కాదంటే అలుగుతాడు. అందుకని కెమెరా ఎత్తి, దాని బటన్ నొక్కకుండా, ఫ్లాష్ వెనకున్న చిన్న బటన్ నొక్కేవాళ్లం. కళ్లు చెదిరేట్టు వెలుగు వచ్చేది. ఆ మనిషి సంతోషంగా పోయి బంతిలో కూర్చునేవాడు. రీలు అలాగే ఉండేది. ఎవరైనా తర్వాత వచ్చి అడిగితే నేను చెప్పే జవాబు ఒకటే. "రాలేదండీ. రీలుకి వెలుగు తగిలింది." అలా అడగవచ్చేవాళ్లు ఏడాదికి ఒకరో ఇద్దరో. మారుమాట లేకుండా నమ్మి పోయేవాళ్లు.

రెండువేల ఐదులో డిజిటల్ కెమెరా వచ్చింది. నేనే తెప్పించాను. ఉస్తాద్‌కు అప్పటికే కుడికంట్లో పొర పెరిగింది. చీకటి గదికి తాళం వేసి, ఆ తాళంచెవి బల్ల సొరుగులో పెట్టి, వాకిట్లో కుర్చీ వేసుకొని కూర్చోవడం మొదలుపెట్టారు. ఎదురుగా టీకొట్టు దగ్గర, "ఉస్తాద్ అలిగినాడు" అని ఒకరు, "ఉస్తాద్ పని అయిపోయె" అని ఒకరు. ఆయన మనసులో ఏముందో నాకు మాత్రం అంతుబట్టలేదు.

కొత్త కెమెరా ఆయన చేతికిచ్చాను. రెండు చేతులతో తీసుకొని బరువు చూశారు.

"రీలు యాడ పెడతారు?"

"రీలు ఉండదు ఉస్తాద్. ఈ కార్డే." తీసి చూపించాను. అగ్గిపెట్టె అంత ఉంది.

"ఎన్ని పడతాయి?"

"నూటడెబ్బై. బాగాలేనివి అక్కడికక్కడే తీసేయొచ్చు. మళ్లీ జాగా వస్తుంది."

"తీసేస్తే అవి యాడికి పోతాయి?"

"ఎక్కడికీ పోవు. ఉండవు, అంతే."

ఆయన కార్డుని ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూశారు. "చెడిపోయిన ఫోటో చెత్తబుట్టలో ఉంటాది కదా అమ్మీ. దీనికి చెత్తబుట్ట యాడ?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. అది తమాషానో, నిజంగా అడిగారో, నన్ను ఎత్తిపొడిచారో తెలియలేదు.

వారం ఓపిక పట్టి సూటిగా అడిగాను. "ఏది మంచిది ఉస్తాద్? అదా, ఇదా?"

ఆయన ఆకాశం వైపు చూశారు. "వాన వచ్చేట్టుంది. బోర్డు లోపల పెట్టు."

వాన రాలేదు. జవాబూ రాలేదు.

ఆ ఫాల్గుణంలో పత్తి మిల్లు మేస్త్రీ కూతురి పెళ్లికి పోయాను. కొత్త కెమెరాతో అది నా నాలుగో పెళ్లి. తాళి కట్టడం అయిపోయి జనం బంతుల వైపు కదులుతుండగా, ఒక హమాలీ వచ్చి నా ముందు నిలబడ్డాడు. నీలం చొక్కా, కొత్తది, మడత గీతలు ఇంకా పోలేదు.

"మేడం, నన్నొకటి తీయి. ఒంటిగా."

"ఒంటిగానా?"

"ఎప్పుడూ ఒంటిగా తీయించుకోలే. ఎప్పుడు తీసినా నలుగురిలో చివరన నిలబెడతారు. సగం చెవి కోసేస్తారు."

పాత రోజులైతే ఉత్త ఫ్లాష్ కొట్టి పంపేదాన్ని. ఇప్పుడు ఆ కక్కుర్తి అక్కర్లేదు కదా, నిజంగానే తీద్దామనుకున్నాను. అలా అనుకున్నందుకు నా మీద నాకు కొంచెం గౌరవం కూడా కలిగింది. అతను ఒక కుర్చీ తెచ్చుకొని దాని వీపు పట్టుకున్నాడు.

"ఈ రెండో చెయ్యి యాడ పెట్టాల?"

"ఎక్కడైనా పెట్టుకో."

ఒట్టేస్తున్నట్టు గుండె మీద పెట్టుకున్నాడు. రెండు తీశాను. మంచి మనిషిలా తల ఊపి, అన్నం గంప అందుకొని వడ్డించడానికి పోయాడు.

భోజనానికి కూర్చునేసరికి కార్డులో పదకొండు ఫోటోలకే జాగా ఉంది. సాయంత్రం అప్పగింతలున్నాయి. కుడిచేత్తో తింటూ ఎడమచేత్తో కెమెరా పట్టుకొని, అక్కర్లేనివి తీసేశాను. కళ్లు మూసుకున్నవీ, వీపులూ, ఒకే పోజులో నాలుగేసి ఉన్నవీ పోయాయి. ఆ హమాలీవి కూడా రెండూ పోయాయి. ఒకదాంట్లో చెయ్యి కదిలింది. రెండోదాంట్లో బాగానే ఉన్నాడు. ఉన్నాడు గానీ, మేస్త్రీ ఇంటి ఆల్బమ్‌లో అతన్ని ఎక్కడ పెడతాను? నొక్కేశాను. ఆ బటన్ మీద చెత్తబుట్ట బొమ్మే ఉంటుంది. ఉస్తాద్ అడిగినప్పుడు చూపించి ఉండాల్సింది అనుకున్నాను కూడా.

ఉగాది పోయాక ఒకామె స్టూడియోకు వచ్చింది. ముప్పయ్యయిదేళ్లు ఉంటాయి. తలలో అక్కడక్కడా దూది.

"అక్కా, మేస్త్రీ పిల్ల పెండ్లిలో మా ఆయన్ని ఫోటో తీస్తివి కదా. నీలం చొక్కా. అది కావల్ల."

"ఆల్బమ్ మేస్త్రీకి ఇచ్చేశాం కదమ్మా."

"దాంట్లో లేడు, చూస్తి. ఒంటిగా తీసినావు చూడు, అది."

"ఇప్పుడెందుకు?"

"పన్నెండు దినాలాయె, ఇంటికి రాలే. మిల్లులో జగడం పడి అట్లనే ఎటో పోయినాడు. స్టేషన్‌కాడికి పోతే ఫోటో తెమ్మన్నారు. కాయితం మీద అచ్చేసి ఊరూరికీ పంపుతారంట." కొంగుముడి విప్పి రేషన్ కార్డు తీసింది. "దీంట్లో ఉండాడు గానీ, చూడు. కందిబేడంత మొగం. ఎవురు గుర్తుపడతారు?"

చూశాను. నిజమే. ఆరుగురు మనుషులు, ఆరు కందిబేడలు.

ఆ పెళ్లి తర్వాత అదే కార్డు మీద ఇంకో మూడు పెళ్లిళ్లు తీశాను. ఇక ఎవరూ తిరిగి తెచ్చే వీలు లేదు. ఇదంతా ఆమెకు ఎలా చెప్పాలా అని ఆలోచిస్తుండగానే నా నోరు తన పని చేసేసింది.

"ఫోటో రాలేదమ్మా. రీలుకి వెలుగు తగిలింది."

నా కెమెరాలో రీలే లేదు. నా చేతిలోనే ఉంది ఆ కెమెరా.

"నేను ఆడ్నే ఉంటి కదక్కా. లైటు వెలిగె."

"వెలిగింది. రీలు పాడైంది."

ఆమెకు అర్థం కాలేదు. "వెలుగుంటేనే కదా ఫోటో వచ్చేది? వెలుగు తగిల్తే పోతాదా?"

"ఎక్కువైతే పోతుంది."

"అట్లనా" అంది. రేషన్ కార్డు మళ్లీ కొంగున కట్టుకుంది. నమ్మింది. వాకిట్లో ఉస్తాద్ కాళ్లు వెనక్కి తీసుకొని ఆమెకు దారి ఇచ్చారు. ఏదో అడిగారు. ఆమె ఏదో చెప్పింది. నాకు వినబడలేదు.

సాయంత్రం ఇంటికి పోతూ ఉస్తాద్ అన్నారు:

"రేపు మంచి చీర కట్టుకొని రా."

"ఎందుకు ఉస్తాద్?"

"ఫోటోకు."

ఆ మాటతో నేను ఇంకా తికమకపడ్డాను. తిడతారనుకున్నాను. తిడితే జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను. మంచి చీర ఎందుకు? స్టూడియో నా పేర పెట్టబోతున్నారేమో, దానికి ఫోటో కావాలేమో అని కూడా అనిపించింది. మనసు ఎంత దూరం పోతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పొద్దున పెళ్లినాటి పట్టుచీర కట్టుకొని పోయాను. ఉస్తాద్ గడ్డం దువ్వుకొని, ఇస్త్రీ చొక్కా వేసుకొని ఉన్నారు. పాత పెట్టె కెమెరా తుడిచి బల్ల మీద పెట్టారు. పక్కన వెండి కాగితంలో చుట్టిన, పన్నెండు ఫోటోల రీలు. అది స్టూడియోలో మిగిలిన ఆఖరి రీలు. దాన్ని ఎందుకు దాచారని ఎప్పుడు అడిగినా, "దానికే" అనేవారు. దేనికో చెప్పేవారు కాదు.

నా కళ్ల ముందే కాగితం చింపి, రీలు కెమెరాలో వేసి, మూత మూశారు. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టారు.

"గడ్డం దించు. అంత కాదు. మళ్లీ ఎత్తు. కలెక్టరమ్మ మాదిరి కాదు, కొంచెం తక్కువ."

"ఇట్లనా?"

"మాట్లాడొద్దు. మాట్లాడితే మూతి వంకరొస్తాది."

ఎడమ లైటు జరిపారు. కుడి లైటు ఆర్పారు. మళ్లీ వెలిగించారు. మంచి కన్నుతో కెమెరాలోకి వంగి చూశారు. లేచారు. వచ్చి నా పైట మడత సర్ది మళ్లీ వంగారు. అరగంట పట్టింది. అన్నేళ్లలో నేను ఎంతమందినో ఆ స్టూలు మీద కూర్చోబెట్టాను గానీ, నేను కూర్చోవడం అదే మొదలు. ఒక మనిషి ఇంతసేపు నన్నే చూస్తుంటే ఎలా ఉంటుందో నాకు తెలియదు. మొదట సిగ్గేసింది. తర్వాత ఆ సిగ్గు పోయింది. చివరికి, సరే, ఇదే నేను అన్నట్టు కూర్చున్నాను.

"ఊపిరి వదులు" అన్నారు. నొక్కారు.

ఒక్కటే. ఆ తర్వాత మిగిలిన పదకొండూ ఊరికే తిప్పేశారు.

"ఉస్తాద్! ఇంకా పదకొండు ఉన్నాయి!"

"చాలు."

రీలు బయటికి తీసి, చివరి అంచుని నాలుకతో తడిపి అంటించి, జేబులో వేసుకొని, చీకటి గది తాళం తీసి లోపలికి పోయారు. నేను వస్తానంటే వద్దన్నారు. గంట తర్వాత చేతులు తుడుచుకుంటూ వచ్చారు. నేను లేచి నిలబడ్డాను.

"రాలేదు అమ్మీ. రీలుకి వెలుగు తగిలింది."

పోయి వాకిట్లో కుర్చీలో కూర్చొని, ఎదురు కొట్టుకు టీ కోసం చెయ్యి ఊపారు.

నలభై ఏళ్లలో ఆయన చేతిలో రీలుకి వెలుగు తగిలిందని ఎవరూ అనగా వినలేదు. వయసు మీద పడిందా? కన్ను పూర్తిగా పోయిందా? లేక అసలు రీలే... కాదు, వేయడం నేను చూశాను. అరగంట అలా కూర్చున్నాను. ఆ అరగంట ఎటు పోయినట్టు? కోపం వచ్చింది. పట్టుచీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకొని చీకటి గదిలోకి పోయి తెల్ల లైటు వేశాను.

తీగ మీద, బట్టల క్లిప్పుకు, రీలు వేలాడుతోంది. చివర నుంచి నీటిచుక్క రాలుతోంది. మొదటి గడిలో నేనున్నాను. జుట్టు తెల్లగా, మొహం నల్లగా, చీర అంచు గీత గీతగా. అంత స్పష్టమైన నెగెటివ్ నా చేతుల మీదుగా ఎప్పుడూ రాలేదు. మిగిలిన పదకొండు గడులూ ఖాళీ.

తడిగానే పట్టుకొని వాకిట్లోకి వచ్చాను.

"వచ్చింది కదా ఉస్తాద్!"

"రాలేదని చెప్తి కదా."

"లోపలికి పోయి చూశాను. ఇదిగో."

ఆయన నెగెటివ్ వైపు చూడలేదు. టీ ఊదుకుంటున్నారు.

"నువ్వు లోపలికి పోయి చూసినావు" అన్నారు. "తాయమ్మ యాడికి పోయి చూడాల?"

తాయమ్మ ఎవరని అడగబోయి ఆగిపోయాను. ఆమె పేరు నేను అడగలేదు. ఆయన అడిగారు.

అయినా నా నోరు ఊరుకోలేదు. "ఉత్త ఫ్లాష్ నేర్పింది మీరే."

"నేనే."

"అది తప్పు కాదా?"

"తప్పే." టీ గ్లాసు కింద పెట్టారు. "నేను తప్పు నేర్పితి. నువ్వు బాగా నేర్చుకుంటివి."

జేబులోంచి ఒక ఖాళీ కవరు, పెన్సిల్ తీసి నాకిచ్చారు.

"పేరు?"

"నా పేరు మీకు తెలుసు కదా."

"రాయి."

ఉరుకుందమ్మ అని రాశాను. నెగెటివ్ ఆరిన తర్వాత దాంట్లో పెట్టాను. తాయమ్మ ఇల్లు ఎక్కడని ఆయన్నే అడిగి, చీర కూడా మార్చుకోకుండా బయల్దేరాను.

హమాలీల వాడలో పట్టుచీర చూసి కుక్కలు వెంటపడ్డాయి. తాయమ్మ వాకిట్లో కూర్చొని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. పేరు పెట్టి పిలిస్తే తలెత్తింది.

"మీ ఆయన ఫోటో వచ్చింది" అన్నాను. "నేనే చెరిపేశాను. జాగా చాల్లేదని. నిన్న నీకు అబద్ధం చెప్పాను."

ఆమె చేతిలో చేట అలాగే ఉంది. తిడుతుందని చూశాను.

"చెరిపేస్తివా? ఎందుకక్కా, మా ఆయన బాగలేడా?"

"బాగానే ఉన్నాడు."

"మరి?"

"ఎవరో నాకు తెలియదు."

ఆమె ఒక రాయి ఏరి పారేసింది. "ఉసేనప్ప. అడిగింటే చెప్తుండె."

"నాతో రా" అన్నాను. "మిగిలినవి నూటడెబ్బై కంప్యూటర్‌లో ఉన్నాయి. అన్నీ చూద్దాం. నువ్వైతే గుర్తుపడతావు."

కంప్యూటర్ ముందు ఆమెను కూర్చోబెట్టి ఒక్కో ఫోటో పెద్దది చేసి, మూలమూలలా చూపించాను. పెళ్లికూతుర్నీ పెళ్లికొడుకునీ ఆమె చూడనేలేదు. వాళ్ల వెనకాలే వెతికింది.

"అదిగో. ఆయన వీపు."

"నీలం చొక్కాలు నాలుగున్నాయి కదమ్మా."

"పదహారేండ్ల నుంచి చూస్తాండా ఆ వీపు. నాకు తెలీదా?"

తర్వాత ఒక చెయ్యి దొరికింది. ఒక చెవి. బంతిలో అన్నం గంప. నూట అరవై దాటాక, పెళ్లికొడుకు మేనత్త చేతులు కడుక్కుంటుంటే, ఆమె వెనక, పక్కకు తిరిగి ఎవరితోనో నవ్వుతూ, ఉసేనప్ప. తాయమ్మ తెర మీద వేలు పెట్టి తీయలేదు.

పెద్దది చేస్తే మొహమంతా గళ్లు గళ్లుగా విడిపోయింది. ప్రింటు తీసి ఉస్తాద్‌కు చూపించాను. "ఈ గళ్లు ఏమి?" అన్నారు. "దీంట్లో మొహం గళ్లతోనే చేస్తారు ఉస్తాద్" అన్నాను. "ఓహో" అని, నెగెటివ్‌ల మీద మచ్చలు దిద్దే సన్న పెన్సిల్ తెమ్మని, మంచి కంటికి భూతద్దం పెట్టుకొని, గళ్ల అంచులు కలుపుతూ కూర్చున్నారు. తాయమ్మ ఆయన భుజం మీదుగా చూస్తూ చెప్పింది.

"మీసం ఇంకొంచెం, సాబ్."

"ఇంతనా?"

"ఇంకొంచెం. ఆయనకు మీసమంటే పానం."

సాయంత్రానికి మొహం తయారైంది. మళ్లీ దాన్ని నా కెమెరాతో తీసి, ఇరవై ప్రింట్లు వేసి స్టేషన్‌లో ఇచ్చి వచ్చాం.

మూడు వారాలకు ఉసేనప్ప తనంతట తనే తిరిగొచ్చాడు. రాయచూరులో ఇంకో మిల్లులో మూటలు మోశాడట. కోపం చల్లారాక బస్సెక్కాడు. వచ్చిన మర్నాడే తాయమ్మతో సహా స్టూడియోకు వచ్చాడు. అదే నీలం చొక్కా. మడత గీతలు పోయాయి.

"మేడం, నన్ను చెరిపేసినావంట?"

"చెరిపేశాను."

"మళ్లా గీసినారంట?"

"ఉస్తాద్ గీశారు."

అతను పడీపడీ నవ్వాడు. "ఆ కాయితం రాయచూరు మిల్లు గోడకు అంటించినారు మేడం. నేను దాని కిందనే కూసొని నాలుగు దినాలు టీ తాగితి. ఎవురో మీసమాయన తప్పిపోయినాడు పాపం, అనుకుంటి."

తాయమ్మ అతని వీపు మీద ఒక్కటి వేసింది. వాకిట్లో ఉస్తాద్ భుజాలు కదిలాయి. నవ్వుతున్నారని వెనక నుంచి చూసినా తెలిసింది.

ఉసేనప్పను స్టూలు మీద కూర్చోబెట్టాను. లైట్లు సర్దాను. కాగితం, పెన్సిల్ తీసుకున్నాను.

"పేరు?"

"నీకు తెలుసు కదా మేడం."

"చెప్పు."

చెప్పాడు. రాసుకున్నాను. చెయ్యి ఎక్కడ పెట్టాలని ఈసారి అతను అడగలేదు, గుండె మీద పెట్టేసుకున్నాడు. తీసి, కెమెరా వెనక తెర చూపించాను.

"అయ్యో. కండ్లు మూసుకుంటి." తల అడ్డంగా ఊపాడు. "బాగలేదు. తీసెయ్ మేడం."

నా బొటనవేలు అలవాటుగా ఆ బటన్ మీదికి పోయింది. వాకిట్లో ఉస్తాద్ రోడ్డు వైపే చూస్తున్నారు. ఇటు తిరగలేదు.

"తీసెయ్యను" అన్నాను. "ఇంకోటి తీస్తాను, కళ్లు తెరువు."

రెండోది బాగా వచ్చింది. అది తాయమ్మ ఇంట్లో ఉంది.

ఆ రోజు నుంచి, పేరు అడగకుండా నేను ఎవర్నీ ఒంటిగా ఫోటో తీయలేదు. పేరు రాసుకున్న మొహాన్ని చెరపలేదు. ఇరవయ్యేళ్లయింది. బీరువాలో పద్నాలుగు హార్డ్ డిస్కులున్నాయి. కళ్లు మూసుకున్న ఉసేనప్ప మొదటిదాంట్లో ఉన్నాడు.